మా కంప్యూటర్‌లో పులి

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే ముందుగా పులి గాండ్రిస్తుంది. ఆ గాండ్రింపు వీధి చివర టీకొట్టు దాకా వినిపిస్తుంది. ఆ తర్వాత తెర తెరుచుకునేలోపు నేను టీ పెట్టి, వడగట్టి, అందరికీ ఇచ్చి, గిన్నె కూడా కడిగేసి వస్తాను. అప్పటికీ తెర మధ్యలో ఆ చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అది తిరుగుతున్న కొద్దీ నాకు ఒళ్ళు మండుతుంది. నిదానం అనేది నాకు పుట్టుకతోనే రాలేదు.

నా పేరు సబీహా. పుట్టిల్లు వినుకొండ, మెట్టినిల్లు నరసరావుపేట. లెక్కల్లో బీఎస్సీ చేసి, బీఈడీ కూడా చేశాను. మా ఆయన ఐజాజ్ ట్రాక్టర్ల షెడ్డు నడుపుతాడు. ఆ షెడ్డు పెట్టింది మా మామయ్య ఇమాం సాహెబ్. మోకాళ్ళు సహకరించక ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు గానీ, దారిన పోయే ట్రాక్టరు చప్పుడు విని దాని జబ్బేమిటో ఇప్పటికీ చెప్పేస్తాడు.

మామయ్యకు ఒకటే లోపం. ఆయన నోట్లో ‘వద్దు’ అనే మాట లేదు. ఒకే రోజు నాలుగు పెళ్ళిళ్ళకు పిలిస్తే నాలుగింటా తిని, నాలుగో ఇంట్లో ఇంకొంచెం వేయమన్నాడట. అది అత్తయ్య సాబిరా చెప్పే కథ. ఎవరైనా ప్రేమగా ఒకటి చేతిలో పెడితే కాదనడం ఆయన దృష్టిలో చెంపదెబ్బ కొట్టడం లాంటిది. కూర తెస్తే తినాలి, మందు చెబితే మింగాలి. కంప్యూటర్ కొన్నాక ఈ మర్యాద దానికీ అంటుకుంది.

ఎవరి కంప్యూటర్‌కైనా వైరస్‌ల నుంచి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే చాలు. మాకు నాలుగున్నాయి. వినుకొండ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న మా హబీబుల్లా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, వచ్చినప్పుడల్లా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ‘ఇది లేటెస్టు’ అంటాడు. ఆయన పెట్టింది ఆకుపచ్చ గొడుగు బొమ్మది. గోడ అవతల ఉండే గోపాలకృష్ణయ్య గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన పెట్టించింది నీలం డాలు. స్పీడు పెంచుతుందని ఎవరో చెబితే ఐజాజ్ పెట్టింది చీపురు. వాటిలో ఒక్కటీ తీయడానికి లేదు. పెట్టినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు, పెట్టిన చీర కట్టుకుందా లేదా అని చూసినట్టు, కంప్యూటర్ తెరిచి తమ బొమ్మ ఉందో లేదో చూసుకుంటారు.

నాలుగోది పులి. అది మామయ్య స్వయంగా తెచ్చుకున్నది. ఎలా వచ్చిందో మాకెవరికీ చెప్పలేదు. ఒకనాటి పొద్దున తెర నిండా పులి ప్రత్యక్షమై గాండ్రించింది. ‘ఈ రోజు మీ శత్రువులను చంపాను’ అని ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను చదివి చెబితే మామయ్య మురిసిపోయాడు. కుర్రతనంలో పీర్ల పండక్కి ఒళ్ళంతా పసుపురంగు పూసుకుని, నల్లచారలు గీయించుకుని, తోక కట్టుకుని పులి వేషం ఆడినవాడు కదా, ఆ అభిమానం అనుకున్నాను. అప్పట్నుంచీ పొద్దున్నే ఆ అరుపు వినందే ఆయనకు టీ దిగదు.

ఇన్నాళ్ళూ గొణుక్కుంటూ భరించాను. మొన్న శుక్రవారం అది నా పీకల మీదికొచ్చింది.

పెళ్ళికి ముందు వినుకొండలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక స్కూళ్ళ చుట్టూ తిరిగాను. పెద్ద క్లాసులకు లెక్కలు మగ సార్లే చెప్పాలట. నాకు ఎల్‌కేజీ ఇస్తామన్నారు, రైమ్స్ పాడించమన్నారు. ఆ హెడ్‌మాస్టరుతో వాదించి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను. వచ్చేశానే గానీ అప్పట్నుంచీ లోపల ఒకటే వెలితి. వీధిలో ఆడుకునే పిల్లల్ని ఆపి ఎక్కాలు అడిగే స్థితికి వచ్చాను. నేను కనబడితే వాళ్ళు సందు మార్చేవాళ్ళు.

అటువంటి సమయంలో హైదరాబాదులో ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ, ఇంట్లో కూర్చుని తెలుగులో లెక్కలు చెప్పే టీచర్లు కావాలంది. పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇక మిగిలింది డెమో క్లాసు, ఆదివారం పదింటికి. కంప్యూటర్ సరిగా ఉందో లేదో చూడటానికి శుక్రవారం ఆ కంపెనీ నుంచి దీపిక అనే అమ్మాయి వీడియోలోకి వచ్చింది.

బోర్డు మీద ఒక గీత గీయమంది. గీశాను. గీత సగంలో ఆగిపోయింది. నా గొంతు ముక్కలు ముక్కలుగా పోతోందట. ఇంతలో ఎవరూ పిలవకుండానే బట్టతలకు నూనె ప్రకటన ఒకటి తెర మీద పరుచుకుంది. దాన్ని మూస్తే ఇంకోటి. ఆఖరికి పులి నోరు తెరిచి గాండ్రించింది.

దీపిక మా ఇంట్లో ఏమైనా జంతువు ఉందా అని మర్యాదగా అడిగింది. లేదని చెప్పాను. మంచి పిల్ల, నవ్వలేదు. కానీ విషయం మాత్రం సూటిగా చెప్పేసింది. డెమో ఒక్కసారే ఉంటుంది. మధ్యలో ఆగిపోతే ఫెయిలైనట్టే లెక్క, మళ్ళీ అప్లై చేయాలంటే వచ్చే ఏడాదే.

ఫోన్‌లో చేద్దామంటే వాళ్ళ బోర్డు ఫోన్‌లో తెరుచుకోదు. ఐజాజ్ తన స్నేహితుడి లాప్‌టాప్ తెచ్చాడు, దానికి కెమెరా పనిచేయడం లేదు. ఆదివారం నెట్ సెంటర్లు మూసేస్తారు. ఈ కంప్యూటరే బాగవ్వాలి, ఆదివారంలోపే బాగవ్వాలి. భయపడవలసిన మాటే గానీ, నిజం చెప్పొద్దూ, నాకు హుషారు పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత నా చేతికి ఒక లెక్క దొరికింది.

సంగతి ఐజాజ్ షెడ్డులో చెప్పాడు. ఇక అందరూ డాక్టర్లే. హబీబుల్లా మామూ ఫోన్ చేసి, నీలం డాలు పాతకాలం సరుకు, అది తీసేసి గొడుగు ఒక్కటి ఉంచమన్నాడు. గోపాలకృష్ణయ్య గారు గోడ మీంచి తొంగిచూసి, గొడుగులూ చీపుళ్ళూ ఇంట్లో వాడుకునేవి, కంప్యూటర్‌కి డాలే ఉండాలన్నారు. షెడ్డుకొచ్చిన రైతు ఎవరో ఐజాజ్ చేత ఐదో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి పంపించాడు.

‘కంప్యూటర్ స్పీడు పెంచడం ఎలా’ అని నేనూ వెతికాను. వెంటనే పెట్టుకోండి, ఉచితం, ఒక్క నొక్కుతో మెరుపు వేగం అంటూ వరసగా వచ్చిపడ్డాయి. నా చెయ్యి ఒకదాని మీదికి పోయింది కూడా. పోయాక బుద్ధి పనిచేసింది. లెక్కకు జవాబు రాకపోతే ఇంకో అంకె తెచ్చి కలపం. ఎక్కడ తప్పామో వెనక్కి వెళ్ళి చూస్తాం. పిల్లలకు అదేగా చెప్పాను? ఇక మీదట ఈ కంప్యూటర్‌లోకి ఏదీ పెట్టకూడదు, తీయడమే అనుకున్నాను. అలా అనుకోగానే సగం బరువు దిగింది.

శనివారం పొద్దున్నే కొంగు బిగించి కూర్చున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ ఎంత మెమరీ తింటోందో చూపించే కిటికీ ఒకటి ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. అది తెరిచాను. పైనుంచి కిందికి చూస్తే మా కాపలాదార్లే. గొడుగు ఒక ఫైలు తెరిస్తే, ఎవడో ఫైలు తెరిచాడని డాలు లేచి దాన్ని పట్టుకుంటోంది. డాలు పట్టుకున్నదాన్ని చీపురు ఊడవబోతోంది. ఒకరి జేబులు ఒకరు తడుముకోవడంతోనే వాళ్ళకు పొద్దుగూకుతోంది, దొంగ సంగతి ఎవరికీ పట్టలేదు. అన్నిటికంటే నాకు జాలేసింది కంప్యూటర్‌తో పాటే వచ్చిన సొంత కాపలాను చూస్తే. బయటివాళ్ళు వచ్చారు కదా అని తనంతట తానే పక్కకు జరిగి కూర్చుంది. అది కూడా మా మామయ్య లాంటిదే.

దాని గురించి చదివాను. ఇంటి కంప్యూటర్‌కి అదొక్కటే సరిపోతుంది, కాకపోతే ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి. సరే, దాన్నే ఉంచుతాను, మిగతావాళ్ళంతా దయచేయాలి.

ముందు చీపురు తీశాను, మొగుడిది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. తర్వాత డాలు. గోడవైపు ఒకసారి చూసి మరీ నొక్కాను. తర్వాత గొడుగు. మామూ మొహం కళ్ళముందు మెదిలింది గానీ నా వేలు ఆగలేదు. ఆన్ చేయగానే లేచి కూర్చునే చిల్లర మల్లర వాటిని కూడా ఆపేశాను. మళ్ళీ ఆన్ చేస్తే తెర తెరుచుకోవడానికి ఇదివరకు పట్టినదాంట్లో సగం కూడా పట్టలేదు. నేను కుర్చీలోనే ఎగిరాను.

కానీ నూనె ప్రకటన మాత్రం ఆగలేదు. నేను ఒకటి వెతికితే అది ఇంకెక్కడికో తీసుకుపోతోంది. అంటే లోపల దొంగ ఇంకా ఉన్నాడు. వాణ్ణి పట్టడానికి ఒక్కసారి వాడి తీసేసే స్కానర్ ఒకటి ఎంచుకున్నాను. ఏదీ పెట్టకూడదన్న ఒట్టు దీనికొక్కదానికే సడలించాను. ప్రకటనల్లో కనబడినది కాదు, దాన్ని తయారుచేసినవాళ్ళ సొంత వెబ్‌సైటు అడ్రసు అక్షరం అక్షరం కొట్టి తెచ్చుకున్నాను. అది వెతుకుతుంటే నేను పప్పు పొయ్యి మీద పెట్టాను. ఒక కాలు వంటింట్లో, ఒక కాలు కంప్యూటర్ దగ్గర. పప్పు ఉడికేసరికి తెర మీద ఎర్ర గీతలు వరసగా నిలబడ్డాయి. అన్నిటికీ ఒకటే పేరు.

పులి.

అది కాపలాయే కాదు. మనం ఏం టైపు చేస్తున్నామో, ఎక్కడెక్కడికి వెళ్తున్నామో రాసుకుని ఎవరికో పంపుతుందట. నూనె ప్రకటనలు తెచ్చేదీ అదే, దారి మళ్ళించేదీ అదే. ఇంటికి కాపలా అని పెట్టుకున్నది ఇంటి గుట్టు బజారులో పెడుతోంది. తీసేయమంటారా అని స్కానర్ అడిగింది.

నొక్కితే అయిపోయేది. నా వేలు కదల్లేదు. మామూ వినుకొండలో ఉన్నాడు, గోపాలకృష్ణయ్య గారు గోడ అవతల ఉన్నారు. మామయ్య మాత్రం ఈ గది గుమ్మం అవతల, మధ్య గదిలో, నా వెనకే, మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. పొద్దున్నే పులి అరవకపోతే ఆయన టీ గ్లాసు పట్టుకుని ఈ తెరవైపు చూస్తాడు. హెడ్‌మాస్టరుతో వాదించిన దాన్ని, ఈ ముసలాయన ముందు నోరు పెగల్లేదు. చెప్పకుండా తీసేస్తే ద్రోహం, చెబితే నొప్పి, తీయకపోతే నా డెమో గల్లంతు.

అన్నాలయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని కూర్చున్నప్పుడు అడిగాను.

“మామయ్యా, ఒక ఇంజనుకి ఇద్దరు మేస్త్రీలు పనిచెయ్యొచ్చా?”

“చెయ్యకూడదు. ఒకడు బిగించింది ఇంకొకడు వదులు చేస్తాడు. నా షెడ్డులో ఏనాడూ చెయ్యనియ్యలా” అన్నాడు.

“మన కంప్యూటర్ మీద నలుగురు చేస్తన్నారు. ముగ్గుర్ని పంపించేశా.”

ఆయన నా వైపు తలెత్తి చూశాడు. “నాలుగోవాడు నా పులేనా?”

అవునన్నాను. ఇక ఆగితే చెప్పలేనని స్కానర్ చూపించిందంతా గడగడా చెప్పేశాను. ఆయన చేతిలో తస్బీ ఒకచోట ఆగిపోయింది. అత్తయ్య వంటింటి గుమ్మంలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

“ఆ రోజు నేను ట్రాక్టర్ల వీడియో చూస్తన్నా. ఉన్నట్టుండి తెరంతా ఎర్రగా అయింది. అడ్డం పొడుగూ అక్షరాలు, మోత. ఐజాజ్‌కి ఫోన్ చేస్తే, ప్రమాదం అని వచ్చినట్టుందిలే అన్నాడు” అన్నాడు చివరికి. “నీ సర్టిఫికెట్లన్నీ అందులోనే పెట్టావు గదమ్మా. అయ్యి పోతే మళ్ళీ నీకు ఎవురిస్తారు? అందుకని వాడికి గూడా చెప్పకుండా అది నొక్కమన్నకాడల్లా నొక్కా.”

ఏ పూట చూసినా ఆ పులిని తిట్టాను. అది నా కాగితాలకు కాపలాగా వచ్చిందని నాకు తెలియదు. నా చదువు గురించి ఈ ఇంట్లో ఒకరు ఇంత బెంగపడ్డారని కూడా తెలియదు. కళ్ళు తుడుచుకుంటే చూస్తారని కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.

“తీసేద్దాం పద. పెట్టింది నేను. తీసేది గూడా నేనే” అని మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

కుర్చీ ఆయనకిచ్చి పక్కన నిలబడ్డాను. మౌసును మెల్లగా, పులిని నిద్రలేపకూడదన్నట్టు పట్టుకున్నాడు. తీసేయమని నొక్కగానే పులి తెర నిండా వచ్చింది. ఈసారి గాండ్రించలేదు. కంట్లో పెద్ద నీటిబొట్టు. కింద ఏముందని ఆయన అడిగితే చదివి చెప్పాను. ‘నన్ను నిజంగా వెళ్ళిపొమ్మంటారా? ఇక మీ ఇంటిని ఎవరు కాపాడతారు?’ అని ఉంది. పక్కనే ఆకుపచ్చగా పెద్ద బటన్, ‘ఉండిపో’ అని. ‘తీసేయ్’ అన్నది మూలన వెలిసిపోయిన అక్షరాల్లో ఉంది.

మా మామయ్య ‘ఉండిపో’ నొక్కాడు.

పులి కన్నీళ్ళు తుడుచుకుని గంతులేసింది. నేను తల పట్టుకున్నాను. ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే పొమ్మని ఎట్లా అంటామని ఆయన చిన్నగా అన్నాడు. అది మనిషి కాదు కదా అన్నాను. ఏడుపు ఏడుపే కదా అన్నాడు. అత్తయ్య గిన్నె కింద పెట్టి, ఈయన కంప్యూటర్‌కి కూడా మొహమాటపడతాడని తేల్చేసింది. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. రేపు పదింటికి డెమో పెట్టుకుని ఇవాళ పులిని ఓదారుస్తున్నాం.

మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాం. పులి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆయన కళ్ళు మూసుకుని, నా వేలు చూపించిన చోట వెలిసిపోయిన అక్షరాల మీద నొక్కాడు. అయినా అది పోలేదు. గట్టిగా గాండ్రించి, మీ ఇల్లు నాశనమైపోతుందని బెదిరించింది. అదీ దాటించాం. అప్పుడు ఒక చక్రం గిర్రున తిరిగి, కిందినుంచి ఒక పెట్టె పైకొచ్చింది. చదవమన్నాడు. ‘మీకు మాత్రమే సగం ధరకే బంగారు పులి. ఇప్పుడే డబ్బు కట్టండి’ అని చదివాను.

ఆయన మౌసు వదిలేసి వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి నొప్పి మొదలయ్యాక ఆయన అంత నవ్వడం నేను చూడలేదు.

“ఇది పులి గాదమ్మా. పులి వేషం” అన్నాడు. “మేం జేసిన పనే గదా ఇది. గుమ్మం ముందు డప్పు కొట్టి, గాండ్రించి, పిల్లలు దడుచుకుని తల్లి కొంగు పట్టుకున్నాక పళ్ళెం జాపేవాళ్ళం. కాకపోతే మేం తోక ఊపి వెళ్ళిపోయేవాళ్ళం. ఇది ఇంట్లోనే కూసుంది.”

ఆ తర్వాత ఆయన చెయ్యి తడబడలేదు. టక్కున నొక్కాడు. పులి ముందు తోక, తర్వాత చారలు, తర్వాత మీసాలుగా మాయమైపోయింది. మిగిలిన చెత్తంతా స్కానర్‌తో ఊడ్పించాను. పని అయిపోయాక స్కానర్‌ను కూడా తీసేశాను. సొంత కాపలాను మళ్ళీ లేపి, దాని జాగాలో దాన్ని కూర్చోబెట్టాను. పులి ఏమేం రాసుకుపోయిందో ఎవరికి తెలుసు? అందుకని నా ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చేశాను.

సాయంత్రం ఐజాజ్ షెడ్డు నుంచి త్వరగా వచ్చాడు, ఈ వేడుక చూడటానికే. అందరం కంప్యూటర్ చుట్టూ నిలబడ్డాం. అలవాటుగా అత్తయ్య పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. నేను బటన్ నొక్కాను. గాండ్రింపు లేదు. గుండ్రం లేదు. అత్తయ్య టీపొడి డబ్బా మూత తీసేలోపు తెర కళకళలాడుతూ తెరుచుకుంది. ఐజాజ్ ఈల వేశాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాం, మళ్ళీ అంతే. ఊరికే, చూడటం కోసం ఇంకోసారి కూడా చేశాం.

“ఇట్టయితే టీ ఎప్పుడు పెట్టుకోవాలే?” అంది అత్తయ్య.

ఆదివారం తెల్లవారేసరికి నేను బోర్డు, కెమెరా, మైకు అన్నీ చూసుకుని సిద్ధంగా ఉన్నాను. తొమ్మిదిన్నరకు దీపిక ఒకసారి వచ్చి చూసి, ఇది శుక్రవారం చూసిన కంప్యూటరేనా అని అడిగింది. ఆ మాటకు నాకు ఒళ్ళంతా పులకించింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది.

హబీబుల్లా మామూ దిగాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు పాపం. ఒక చేతిలో యాపిల్స్ కవరు, ఇంకో చేతిలో పెన్‌డ్రైవ్.

“రాత్రంతా వెతికి పట్టుకొచ్చానే సబీహా, ఇది పెట్టామంటే రాకెట్టే. లే, ఐదు నిమిషాల పని” అంటూ చెప్పులు విప్పాడు.

మామూ మీద నాకు ప్రాణం. చిన్నప్పుడు నాకు జామెట్రీ బాక్సు కొనిపెట్టింది ఆయనే. అంత దూరం నుంచి నాకోసం వచ్చిన మనిషిని గదిలోకి రావద్దని ఎలా అనను? వస్తే తన గొడుగు లేదని చూస్తాడు. చూశాక పెన్‌డ్రైవ్ పెట్టక మానడు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఏ జంతువుందో ఎవరికి తెలుసు? గడియారం పదికి దగ్గరపడుతోంది. నేను గది గుమ్మంలో నిలబడి మామయ్యను చూశాను. మా ఇంట్లో అతిథికి ఎదురు చెప్పే మనిషి ఎవరూ లేరని నాకు తెలుసు.

మామయ్య మంచం మీంచి లేచాడు. మెల్లగా వచ్చి, మామూకీ గది గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు. సలాం చెప్పాడు, యాపిల్స్ కవరు అందుకుని అత్తయ్యకిచ్చాడు. తర్వాత పెన్‌డ్రైవ్ ఉన్న మామూ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు దగ్గరికి మూశాడు.

“వద్దు భాయ్” అన్నాడు.

వంటింట్లో అత్తయ్య చేతిలోంచి యాపిల్ జారి దొర్లింది. మామూ తాను సరిగా విన్నానో లేదో అన్నట్టు చూశాడు.

“నువ్వు పెట్టింది గూడా తీసేశాం. కోపం చేసుకోమాక. కోడలికి ఇవాళ పాఠం ఉంది. ఆ గదిలోకి ఏదీ పోగూడదు” అన్నాడు మామయ్య. మామూ చెయ్యి ఇంకా వదల్లేదు. “టీ తాగు. అన్నం తిని పోదువుగాని.”

మామూ మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, గోడవారగా కూర్చుని, అయితే చక్కెర ఎక్కువ వేయమని అత్తయ్యతో అన్నాడు. నేను తలుపు దగ్గరగా వేసుకున్నాను.

పదయింది. తెర మీద దీపిక, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చారు. ఏడో తరగతి పూర్ణ సంఖ్యలు చెప్పమన్నారు. మైనస్‌లో ఉన్నదాన్ని తీసేస్తే మొత్తం ఎందుకు పెరుగుతుందో పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పాలట. ఆ ప్రశ్న వినగానే నాకు లేచి గంతేయాలనిపించింది. మా ఇంటి కంప్యూటర్ గురించే మొదలుపెట్టాను. దీనికి కొత్తగా ఏదీ కొనలేదు, ఏదీ కలపలేదు, దీన్ని కిందికి లాగుతున్నవాటిని తీసేశాం, అంతే, అది పరుగెత్తింది అని చెప్పి బోర్డు మీద సంఖ్యారేఖ గీశాను. గీత ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. ఆ గీత చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ తర్వాత నేను డెమో ఇస్తున్నానన్న సంగతే మర్చిపోయాను. నాకు క్లాసు దొరికింది, చెప్పుకుంటూ పోయాను.

అయిపోయాక పెద్దవాళ్ళలో ఒకాయన తల ఊపాడు. సోమవారం సాయంత్రం నుంచి ఏడో తరగతి తీసుకోమని దీపిక చెప్పింది.

పరుగున వెళ్ళి తలుపు తీశాను. బయటికి అడుగు పెట్టడానికి లేదు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ, కుర్చీలో నాకు వీపు పెట్టి మామయ్య. నొప్పి మోకాళ్ళు రెండూ చాపి, పాదాలు అవతలి గోడకు ఆనించాడు. పక్కన స్టూలు మీద ఆయన టీ మీగడ కట్టి అలాగే ఉంది. మామూ గోడవారగా కూర్చుని, పెదాల మీద వేలు పెట్టుకుని, గట్టిగా మాట్లాడొద్దని ఐజాజ్‌కి సైగ చేస్తున్నాడు.

“అయిపోయింది మామయ్యా. పెద్ద క్లాసుకే ఇచ్చారు. లెక్కలే” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. కాళ్ళు మాత్రం తీయలేదు.

“మళ్ళీ పాఠం ఎప్పుడు?” అని అడిగాడు.

“రేపు సాయంత్రం.”

“అయితే కుర్చీ ఈడనే ఉండనియ్యి” అన్నాడు.